గురువారం కూడికపై నిపుణుని అభిప్రాయం

2007 జనవరి 4, గురువారం

ఢిల్లీ శివారు వైశాలిలోని తెలుగు క్రైస్తవ కుటుంబాల వారపు కూడికపై నేను చేపట్టిన క్షేత్రపరిశోధన గడువు డిసెంబరు నెలాఖరుతో ముగిసింది. నివేదిక విశ్వవిద్యాలయానికి సమర్పించడమైనది. రసీదు పుచ్చుకోవడమైనది. కనుక ఈ రోజు నేను వైశాలి వెళ్ళవలసిన అవసరం ఏ కోణం నుంచి చూసినా లేదు.

వెళ్ళాను. కారణం: కిందటి వారం నా మఫ్లరు అక్కడ మరచిపోయాను.

తలుపు తీసిన ఫేబీ నన్ను పైనుంచి కిందికి చూసి, "అంకల్, మఫ్లర్ తో ఆప్‌నే పహన్ రఖా హై," అన్నది. మెడ తడుముకొని చూడగా ఆ పిల్ల చెప్పినది వాస్తవమని తేలింది. గుమ్మం దాకా వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం ఆ ఇంటి పద్ధతి కాదు కనుక లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

ఈ డైరీని తనిఖీ చేసే అధికారిని నేనే అయినప్పటికీ, కొత్త సంవత్సరం కనుక, క్రమం తప్పకుండా వ్యక్తుల వివరాలు నమోదు చేస్తున్నాను. ఫేబీ సరళకుమారిగారి కూతురు, పదో తరగతి, తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. సరళకుమారిగారు దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద ఆసుపత్రిలో సీనియర్ నర్సు. కూడిక జరిగేది ఆమె ఫ్లాటులోనే. భర్త పోయి కొన్నేళ్ళయింది. మాణిక్యాంబగారు ఆమె అత్తగారు. బాపట్ల వైపు నుంచి వచ్చారు. ఢిల్లీ చలిని ఇప్పటికీ తనకు జరిగిన అవమానంగా భావిస్తారు. సాలొమోనుగారు సంఘపెద్ద, ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు, దేవుడికి కూడా పేరాల వారీగా విన్నవిస్తారు. మిగిలినవారు నర్సులు, వారి భర్తలు, ఆ రోజు డ్యూటీ లేనివారు ఎవరైతే వారు. నేను భీమేశ్వరరావును, మత సమాజశాస్త్రంలో రీడరును, వయసు యాభై దాటింది, అవివాహితుణ్ణి, ప్రత్యేకించి కారణాలేమీ లేవు. దేవుడి విషయంలో నాకు అభిప్రాయం లేదు. ఈ వాక్యాన్ని ప్రతి సంవత్సరం ఎం.ఏ. మొదటి తరగతిలో ప్రకటిస్తాను.

ఆ గదిలో ఫ్రిజ్ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ నాది. టీ గ్లాసు కూడా నాదే. రెండేళ్ళ కిందట మొదటిసారి వెళ్ళినప్పుడు, నా పేరు విని, ఈ కులంవాడు తమ ఇంట్లో తాగుతాడో తాగడోనని మాణిక్యాంబగారు కింద కొట్టు నుంచి కొత్త గ్లాసు తెప్పించి, దాని మీద అంటించిన ధర కాగితం కూడా పీకకుండా నా ముందు పెట్టారు. మామూలు గ్లాసు చాలునన్నాను. "ఈసారికి కానీయి బాబు, తెచ్చిందాన్ని ఏం జెయ్యను," అన్నారు. అప్పటి నుంచి అందులోనే ఇస్తున్నారు. కాగితం అరిగిపోయింది.

ఈ రోజు పాటలు నాలుగు. ఒక నర్సు తమ్ముడికి ఉద్యోగం కోసం, మరొకరికి నైట్ డ్యూటీలు తగ్గడం కోసం ప్రార్థన చేశారు. సాలొమోనుగారు ప్రార్థన ముగించి, "రావుగారూ, పరిశోధన అయిపోయిందన్నారు?" అని అడిగారు.

"మఫ్లరు కోసం వచ్చానండీ."

"దొరికిందా?"

"దొరికింది."

సరళకుమారిగారు టీ గ్లాసు చేతికిస్తూ, "వచ్చేవారం టోపీ మర్చిపోండి," అన్నారు.

జనవరి 5

నిన్నటి సందర్శనను పరిశోధనగా పరిగణించరాదు. మరేదిగానూ పరిగణించరాదు.

జనవరి 11, గురువారం

టోపీ కోసం వెళ్ళాను.

లిఫ్టులో నోటీసు అంటించి ఉంది. నివాసగృహాలలో మతపరమైన సమావేశాలు నిర్వహించడం హౌసింగ్ సొసైటీ నియమావళికి విరుద్ధమనీ, మూడో అంతస్తులో ప్రతి గురువారం జరుగుతున్న సమావేశంపై ఫిర్యాదు అందినదనీ, సదరు ఫ్లాటు యజమాని జనవరి 28 ఆదివారం నాటి కమిటీ ముందు సంజాయిషీ ఇవ్వాలనీ, లేనిపక్షంలో సమావేశాలు నిలిపివేయాలనీ దాని సారాంశం. కింద సెక్రటరీ గుప్తాగారి సంతకం.

పైకి వెళ్ళేసరికి పాట మొదలు కాలేదు. అందరూ చెప్పులు విడిచే చోటే నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఆ గదిలో వాళ్ళు గొంతు తగ్గించడం నేను ఎన్నడూ వినలేదు.

"జవాబు పేరా వైజ్ ఇవ్వాలి," అన్నారు సాలొమోనుగారు. "మొదట ప్రిలిమినరీ అబ్జెక్షన్స్. తర్వాత ఆన్ మెరిట్స్."

"నువ్వట్టా ఇస్తే వాళ్ళు కరెంటు కూడా పీకుతారు," అన్నారు మాణిక్యాంబగారు.

"పోనీ ఇంకెక్కడైనా పెట్టుకుందామా?" అని ఒక నర్సు అడిగింది. ఎక్కడ? హాస్టళ్ళలో బయటివారిని రానివ్వరు. సాలొమోనుగారు కొడుకు కోడలు దగ్గర ఒక గదిలో ఉంటున్నారు. మిగిలినవారివి ఒంటిగది అద్దె ఇళ్ళు. ఓనర్లు పై అంతస్తులోనే ఉంటారు. ఇది నా నివేదిక రెండో అధ్యాయంలోనే ఉంది. అక్కడ దీన్ని ఒక 'ఆసక్తికరమైన నిర్మాణాత్మక పరిమితి'గా పేర్కొన్నాను.

సరళకుమారిగారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచారు. డ్యూటీ నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు. "మీరు ప్రొఫెసరు గదండీ. మీ మాటకు వాళ్ళు విలువిస్తారు. మేం ఎవరికీ ఇబ్బంది కలిగించట్లేదు, తొమ్మిదింటికల్లా ముగించేస్తాం, ఇన్నాళ్ళుగా మీరు చూశారు. ఆ మాట ఒక అర పేజీ రాసిపెట్టండి. చాలు."

రాసిపెడతానన్నాను.

"అర పేజీ చాలండీ," అని మళ్ళీ అన్నారు.

జనవరి 13

అర పేజీ చాలదు. సమస్య నిర్వచనానికి సంబంధించినది.

జనవరి 16

ఈ రోజు తరగతిలో పాఠ్యాంశం: మతాన్ని నిర్వచించుట. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠమే అయినా ఈసారి ఉత్సాహంగా చెప్పాను. ఏ నిర్వచనాన్నయినా తగినంత కఠినంగా ప్రయోగిస్తే, లోకంలో మతం అనదగినది దాదాపుగా ఏదీ మిగలదని నిరూపించాను. వెనక బెంచీ కూడా రాసుకున్నది.

అరుంధతి అనే విద్యార్థిని లేచి, "సార్, ఈ నిర్వచనాల్లో ఏది సరిపోతుందో ఆ గుళ్ళో ఉన్నవాళ్ళనీ మసీదులో ఉన్నవాళ్ళనీ అడిగితే ఏమంటారు?" అన్నది.

పరిశోధితులు తమ గురించి తాము చెప్పుకునేది సమాచారం మాత్రమే, విశ్లేషణ కాదు, అని బోర్డు మీద రాశాను. అందరూ ఎక్కించుకున్నారు. అరుంధతి కలం మూత పెట్టింది.

జనవరి 21

పదకొండు పేజీలు అయింది. పేరాలకు అంకెలు వేశాను, సాలొమోనుగారు సంతోషిస్తారు. వాదం ఇది: సదరు గురువారం కూడికలో గుడి లేదు, విగ్రహం లేదు, నియమితుడైన గురువు లేడు. మాతృభాషకు దూరంగా బతుకుతున్న వలస ఉద్యోగినులు వారానికొకసారి కలిసి, తమ భాషలో పాడుకొని, కష్టసుఖాలు చెప్పుకొని, టీ తాగి వెళ్ళే కార్యక్రమం ఇది. తొమ్మిదో పేరాలో మరింత లోతుకు వెళ్ళాను: అక్కడ పైకి ఉచ్చరించే విన్నపాలు ఎవరిని ఉద్దేశించినట్టు కనిపించినా, వాస్తవానికి సభ్యులు ఒకరితో ఒకరు చెప్పుకుంటున్న మాటలే అవి, కనుక శాస్త్రీయ దృష్టిలో ఇది మతపరమైన సమావేశం కాదు, భాషా సాంస్కృతిక సంఘం.

పాతికేళ్ళ అధ్యాపక జీవితంలో నేను రాసినదేదీ ఎవరికీ ఉపయోగపడలేదు. ఇది ఉపయోగపడుతుంది. పేరా సంఖ్య తొమ్మిదిని రెండుసార్లు పైకి చదువుకున్నాను. పక్క గదిలో ఇంజనీరింగు కోచింగు కుర్రాళ్ళు గోడ మీద తట్టారు.

జనవరి 28, ఆదివారం

విజయం.

కమిటీ సొసైటీ ఆఫీసు గదిలో సమావేశమైంది. సరళకుమారిగారికి డ్యూటీ పడినందువల్ల రాలేకపోయారు. ఆమె తరఫున సాలొమోనుగారూ నేనూ హాజరయ్యాం. గుప్తాగారు మర్యాదస్తులు. నా కాగితాల మీది విశ్వవిద్యాలయ ముద్ర చూసి లేచి నిలబడి కుర్చీ వేశారు. మొదటి పేజీ చదివి, చివరి పేజీ చూసి, మధ్యవన్నీ అరచేత్తో సుతారంగా నొక్కారు.

"అరే ప్రొఫెసర్ సాహబ్, పహలే బతాతే. యే తో కల్చరల్ హై."

సాంస్కృతిక కార్యక్రమాలకు సొసైటీ ప్రోత్సాహం ఎప్పుడూ ఉంటుందన్నారు. కావాలంటే కింద కమ్యూనిటీ హాలు కూడా ఇస్తామన్నారు. ప్రతి గురువారం తెలుగు సాంస్కృతిక కార్యక్రమం అని బోర్డు మీద పెట్టిస్తామన్నారు. ఇంకో నెలలో హోలీ మిలన్ వేడుక జరుగుతుంది, అందులో మీ గ్రూపు ఐటెమ్ ఒకటి పెడితే బాగుంటుందని, డ్రెస్సు ఉంటుందా అని అడిగారు.

సాలొమోనుగారికి హిందీ బాగా వచ్చు. బయటికి వచ్చాక అది రానివారిలాగా, "ఐటెమ్ అంటే ఏమిటండీ?" అన్నారు. లాంఛనమేనని చెప్పాను. ఆయన మరి మాట్లాడలేదు. మితభాషి.

ఫిబ్రవరి 1, గురువారం

ఈ రోజు కారణం అవసరం లేకుండా వెళ్ళాను.

చాలామంది వచ్చారు. పాటల తర్వాత సరళకుమారిగారు, "రావుగారు మన కోసం ఎంతో కష్టపడి రాశారు. ఏం రాశారో ఆయనే తెలుగులో చెప్తారు," అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అప్పటికప్పుడు చెప్పుకుంటూ పోయాను. మొదటి మూడు పేరాల దాకా తలలూపారు. ఆరో పేరా దగ్గర కంజీర ఒళ్ళో పెట్టుకున్న నర్సు దాన్ని నేల మీద పెట్టింది. తొమ్మిదో పేరా నేను అనుకున్నదానికంటే పొడవుగా ఉంది.

చదవడం ముగిసింది. ఎవరూ ఆమెన్ అనలేదు. దానికి ఆమెన్ అనవలసిన పని లేదు, నిజమే.

మాణిక్యాంబగారు శాలువా సర్దుకున్నారు. "అయితే మేం చేసేది ప్రార్థన కాదంటావా, బాబు?"

"అలా కాదండీ. ప్రార్థన అనే పదానికి శాస్త్రంలో..."

"శాస్త్రం సంగతి నాకెందుకు. నువ్వేమంటావ్?"

"ఇది కమిటీ కోసం రాసినది మాత్రమేనమ్మా."

"కమిటీకి అబద్ధం జెప్పావా, మరి?"

అబద్ధం కాదని చెప్పబోయి ఆగాను. అబద్ధమంటే కమిటీని మోసగించినట్టు, కాదంటే వాళ్ళ ప్రార్థనను కాదన్నట్టు. రెండింటికీ ఆ గదిలో చోటు లేదు.

"ఆ తొమ్మిదో పేరా," అన్నారు సాలొమోనుగారు, ఫైలు అడిగినట్టు చెయ్యి చాపుతూ. తీసుకొని తనలో తాను చదువుకున్నారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "మా ఆవిడ ఆపరేషన్ నాడు మేమంతా ఇక్కడే ఉన్నాం. మీరు కూడా ఉన్నారు, రావుగారూ. ఆ రోజు మేం ఒకరితో ఒకరం మాట్లాడుకున్నామంటారు. సరే. అదీ నోట్ చేసుకుంటాను."

ఫేబీ ఒక్కతే నా వైపు చూసి, "అంకల్, యే ఆప్‌నే క్యా లిఖ్ దియా," అని, ఎందుకిలా రాశారని అడిగింది, మెల్లగా, నాకు దెబ్బ తగిలిందేమోనని చూస్తున్నట్టు.

సరళకుమారిగారు టీ తెచ్చారు. నా గ్లాసు నాకే ఇచ్చారు. అందులో మార్పు లేదు. లిఫ్టు దాకా వచ్చి, మీట నొక్కి, అది వచ్చేదాకా నిలబడ్డారు.

"అర పేజీ అడిగానండీ," అన్నారు.

ఫిబ్రవరి 2

ఆమెకు కోపం వచ్చినట్టు లేదు. దీన్ని శుభసూచకంగా భావించవచ్చు.

ఫిబ్రవరి 3

భావించలేకపోయాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

మధ్యాహ్నం ఫేబీ ఫోను చేసింది.

"అంకల్, మమ్మీ గుప్తా అంకల్ కే పాస్ గయీ థీ. బోర్డ్ సే వో కల్చరల్ వాలా కాగజ్ ఉతార్‌కే లే గయీ."

"ఏమన్నారమ్మా?"

"మమ్మీ బోలీ, భాయ్‌సాహబ్, హమారే ప్రొఫెసర్ సాహబ్ అచ్ఛే హైఁ, పర్ యే కల్చరల్ నహీ హై. హమ్ ప్రేయర్ కర్‌తే హైఁ. గుప్తా అంకల్ బోలే, సిస్టర్, ఐసా బోలోగే తో పర్మిషన్ కైసే దూఁ? మమ్మీ బోలీ, ఠీక్ హై, మత్ దీజియే." కొంచెం ఆగి, "గుప్తా అంకల్ కో భీ బురా లగా. ఉన్‌కీ మమ్మీ కో మేరీ మమ్మీ హీ ఇంజెక్షన్ దేతీ హై నా," అన్నది.

మేం చేసేది ప్రార్థనే, అనుమతి ఇవ్వకపోతే మానండని చెప్పి ఆమె బోర్డు మీది కాగితం తీసుకొచ్చేశారన్నమాట; తన తల్లికి ఇంజెక్షన్లు ఇచ్చే మనిషి కనుక గుప్తాగారికీ బాధ కలిగిందట. మా ప్రొఫెసర్‌గారు అన్నారా లేక ఒక ప్రొఫెసర్‌గారు అన్నారా అని అడిగాను. ఫేబీ నవ్వింది. "మా," అన్నది, తెలుగులో.

ఫిబ్రవరి 8, గురువారం

కూడిక జరగలేదు. స్థలం దొరికేవరకు నిలిపివేయడమైనదని సాలొమోనుగారు ఫోనులో తెలియజేశారు. గొంతు ప్రభుత్వ ప్రకటన లాగే ఉంది గానీ చివర ఫోను పెట్టకుండా కాసేపు ఊపిరి వినిపించింది.

సాయంత్రం ఖాళీగా ఉన్నందున జవాబుపత్రాలు దిద్దాను. ప్రశ్న: సమూహం ఎలా ఏర్పడుతుంది? ఏ విద్యార్థీ అది ఎలా విరిగిపోతుందో రాయలేదు. నేను అడగలేదు కూడా. ఒకరికి ఒక మార్కు ఎక్కువ పడింది. కాలక్షేపానికి ఇంట్లోనే టీ పెట్టుకున్నాను. చక్కెర ఎంత వేసుకుంటానో నాకు తెలియదని బయటపడింది. సరళకుమారిగారు అడగకుండానే వేసేవారు.

అవివాహితుణ్ణి, ప్రత్యేకించి కారణాలేమీ లేవు, అని జనవరి 4న రాసినదానికి ఇప్పుడు సవరణ అవసరం లేదు.

ఫిబ్రవరి 12

సరళకుమారిగారి ఆసుపత్రి నేను అద్దెకుండే జియా సరాయ్‌కి దూరం కాదు. పగటి డ్యూటీ ముగిసే వేళకు గేటు ఎదుటి టీ బండి దగ్గర నిలబడ్డాను. ఎవరైనా అడిగితే, పట్టణ వైద్యసంస్థల పరిసరాలను పరిశీలిస్తున్నానని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడగలేదు.

సరళకుమారిగారు స్వెటరు మీద సంచీ వేసుకొని బయటికి వచ్చి, నన్ను చూసి, ఆశ్చర్యపోకుండా, "భయ్యా, దో చాయ్. ఏక్ మేఁ చీనీ తేజ్," అన్నారు. చక్కెర ఎక్కువ వేసిన గ్లాసు నాది.

క్షమాపణ ఒకటి వాక్యనిర్మాణంతో సహా సిద్ధం చేసుకొని వెళ్ళాను. దాన్ని మొదటి సగంలోనే ఆమె ఆపేశారు.

"మీరు మా మంచికే రాశారండీ. అది మాకు తెలియదా? మా అత్తగారు కూడా అదే అంటున్నారు. ఆ బాబు పాపం పదకొండు పేజీలు రాశాడు, చెయ్యి నొప్పెట్టి ఉంటది అని."

"టైపు చేయించానండీ."

"ఆవిడకి చెప్పకండి."

టీ తాగాం. ఆ తర్వాత నేను, పూర్వాపరాలేమీ లేకుండా, జియా సరాయ్‌లో నాకు ఒక పెద్ద గది ఉన్నదనీ, అక్కడ సొసైటీ గానీ సెక్రటరీ గానీ లేరనీ, ఆసుపత్రి నుంచి అందరూ నేరుగా రావచ్చుననీ, ఇంటి ఓనరు చౌధరీని నేను ఒప్పించగలననీ చెప్పాను.

ఆమె గ్లాసు కింద పెట్టారు. "మీ ఇంట్లోనా?"

"అవునండీ."

"పద్ధతి తెలుసుగా మీకు."

తెలుసు. ఎవరి ఇంట్లో కూడిక జరిగితే మొదటి ప్రార్థన ఆ ఇంటివారే చేయాలి. పెద్దవాళ్ళు లేని ఇంట్లో ఒకసారి ఏడేళ్ళ పిల్ల చేసింది. ఇంటివారు నోరు తెరవనిదే పాట అందుకోరు. నా నివేదికలో ఈ ఆచారానికి ఒక పూర్తి అధ్యాయం కేటాయించాను. విభాగంలో అందరూ మెచ్చుకున్నారు.

"నాకు నమ్మకం లేదని మీకు తెలుసు, సరళకుమారిగారూ."

"తెలుసండీ."

"నా తరఫున సాలొమోనుగారు చేస్తే..."

"తరఫున చేస్తే కుదరదు. మాకిచ్చిన నివేదికలో మీరే రాశారుగా, మొన్న ఫేబీ చదివి వినిపించింది." కొంచెం నవ్వారు. తర్వాత నవ్వడం మానారు. "నమ్మకం లేకుండా ఊరికే అప్పజెప్పకండి, రావుగారూ. మా ముచ్చట కోసం అని అసలే వద్దు. అది ఆ కాగితం కంటే కష్టంగా ఉంటుంది మాకు. కుదరదనిపిస్తే కుదరదని ఒక ఫోను చెయ్యండి. మేం ఇంకో దారి చూసుకుంటాం."

ఇంకో దారి లేదని నా రెండో అధ్యాయం చెబుతోంది. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చొని, చెయ్యి ఊపకుండా చూశారు.

ఫిబ్రవరి 13

చౌధరీ అనుమతి లభించింది. పూర్తి పాఠం: "మాస్టర్‌జీ, భజన్ కరో, కీర్తన్ కరో, జో కర్‌నా హై కరో. బస్ పానీ కీ మోటర్ మత్ చలానా." నీళ్ళ మోటారు వేయకూడదన్నదొక్కటే షరతు, నిర్వచనం గురించి అడగలేదు.

అదే రోజు

ముసాయిదా ప్రార్థన ఒకటి తయారుచేయడమైనది. సంబోధన దగ్గర ఆగిపోయింది. ఎవరిని ఉద్దేశించి అన్న గడి ఖాళీగా ఉంచితే మిగిలినదంతా దరఖాస్తు లాగా ఉంది. నింపితే అబద్ధం.

ముసాయిదా రెండు: సంబోధన లేకుండా, సామాన్య మానవ ఆకాంక్షల రూపంలో. హోలీ మిలన్‌లో చదవడానికి అన్నివిధాలా తగినది. చింపివేయడమైనది.

ముసాయిదా మూడు: వాళ్ళ ప్రార్థనలు నా దగ్గర టేపుల్లో ఎన్నో ఉన్నాయి. మంచివి ఏరి కూర్చితే ఎవరికీ తేడా తెలియదు. ఆమెకు తెలుస్తుంది.

ఫిబ్రవరి 14

ఫోను తీసి నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. కుదరదని చెప్పడానికి అవసరమైన వాక్యం చాలా చిన్నది. ఆ వాక్యం తర్వాత వచ్చే గురువారాలను ఊహించడానికి ప్రయత్నించాను. అవి అన్నీ ఫిబ్రవరి 8 లాగే ఉన్నాయి.

సాయంత్రం సాలొమోనుగారికి ఫోను చేసి, రేపు సాయంత్రం ఏడు గంటలకు, చిరునామా ఇదీ, అని తెలియజేశాను.

"కన్ఫర్మ్ చేసినట్టేనా?" అని అడిగారు.

"కన్ఫర్మ్."

"ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఇది ఆఫీషియల్‌గా అనడం లేదు, రావుగారూ."

ఫిబ్రవరి 15, గురువారం

పొద్దున్నుంచి పుస్తకాలు మోశాను. గది సగం పుస్తకాలే. వాటిని మంచం కిందికీ, మంచాన్ని బాల్కనీలోకీ పంపడమైనది. నాకున్నవి రెండు కుర్చీలు. కింది కోచింగు సెంటరు వాళ్ళను అడిగితే, రాసుకోవడానికి చేతికి బల్ల తగిలించిన కుర్చీలు ఇచ్చారు. అందువల్ల సాయంత్రం వచ్చినవారంతా ప్రవేశపరీక్ష రాయడానికి వచ్చినట్టు వరసల్లో కూర్చున్నారు. కంజీర ఒక బల్ల మీద, కీర్తనల పుస్తకాలు తక్కినవాటి మీద. ఫేబీ వెనక వరసలో చెయ్యెత్తి, "సర్, మే ఐ గో టు ద టాయిలెట్?" అన్నది. అందరూ నవ్వారు. అందుకు ఆ పిల్లకు నేను రుణపడి ఉన్నాను.

మాణిక్యాంబగారు మూడో అంతస్తుకు మధ్యమధ్య ఆగుతూ ఎక్కారు. ఆగినచోటల్లా ఎవరో ఒక కోచింగు కుర్రాడు గది తలుపు తీసి కుర్చీ వేశాడట. వచ్చి గది నలుమూలలా చూసి, "పుస్తకాలు మంచం కింద పెడితే చెదలు పడతయ్, బాబు," అన్నారు. కూర్చున్నారు.

తర్వాత నిశ్శబ్దం. ఎవరూ నన్ను చూడలేదు. అందరూ తలలు వంచి, చేతులు బల్లల మీద పెట్టుకొని ఉన్నారు. ఈ నిశ్శబ్దం గురించి నేను రాసిన అధ్యాయంలో, ఇది కూడికలో అత్యంత ప్రభావవంతమైన ఘట్టమని పేర్కొన్నాను. దాని లోపల నిలబడి చూడలేదు. చాలా పొడవుగా ఉంటుంది. కింద వీధిలో ఎవరో జిరాక్సు ధర గురించి పోట్లాడుకుంటున్నారు. పంపులో నీళ్ళు ఒక్కొక్క చుక్కే పడుతున్నాయి.

నేను లేచి నిలబడ్డాను. మూడు ముసాయిదాల్లో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. చెప్పినది గుర్తున్నంతవరకు యథాతథంగా నమోదు చేస్తున్నాను.

"వీళ్ళు వచ్చారు," అన్నాను. "మెట్లు ఎక్కువ. అయినా వచ్చారు. డ్యూటీలు చేసి అలిసిపోయి వచ్చారు." ఇక్కడ ఆగాను. "వీళ్ళు ఇలా కూడుతూ ఉండాలి. ఇక్కడైనా సరే, ఎక్కడైనా సరే. వీళ్ళకు చోటు కావాలి." ఇంకా ఉందని తెలుస్తోంది గాని ఏమిటో తెలియలేదు. తెలిశాక చెప్పడానికి చాలాసేపు పట్టింది. "నాకు గురువారాలు కావాలి. అంతే."

ఎలా ముగించాలో తెలియక అలాగే నిలబడి ఉన్నాను.

"ఆమెన్," అన్నారు మాణిక్యాంబగారు. తర్వాత తక్కినవారు. సాలొమోనుగారు అందరికంటే ఆలస్యంగా, కాని గట్టిగా అన్నారు. కంజీర అందుకున్నారు. పక్క గది కోచింగు కుర్రాళ్ళు గోడ తట్టలేదు.

తొమ్మిదింటికి ముందే ముగించారు, అలవాటు. టీ నా స్టవ్ మీద ఫేబీ పెట్టింది. గ్లాసులు చాలక వంతులు వేసుకొని తాగారు. నేను ఎవరి గ్లాసులో తాగానో నాకు తెలియదు. సాలొమోనుగారు చేతులు కలిపి, "పేరాలు లేకపోయినా విషయం స్పష్టంగా ఉంది," అని వెళ్ళారు. ఇద్దరు నర్సులు మాణిక్యాంబగారి చెరో చెయ్యి పట్టుకున్నారు. ఫేబీ ఆటో కోసం ముందుగా దిగింది.

సరళకుమారిగారు గ్లాసులు కడిగి, బోర్లించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చారు. చెప్పులు వేసుకున్నారు. ఒక మెట్టు దిగి, వెనక్కి తిరిగారు.

"ఒకటి అడగనాండీ? ఇందాక ఆ మాటలు ఎవరితో చెప్పారు?"

మత సమాజశాస్త్రంలో రీడరుగా ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబులన్నీ ఒకసారి చూసుకున్నాను.

"తెలియదండీ," అన్నాను.

ఆమె తల ఊపారు, అది సరైన జవాబో కాదో చెప్పకుండా. కింద నుంచి ఫేబీ, మమ్మీ, ఆటో ఆ గయా, అని పిలిచింది.

"సరే," అన్నారు. "నాకైతే వినబడిందండీ."